నీలం పిడి గరిటె

ఆ ఉదయం ఫ్రేడల్ వేసుకున్న పథకం చిన్నదే. పదకొండింటికల్లా గొడ్డుమాంసం కూర దించడం, చెల్లెలు హిండాకు కడుపునిండా పెట్టడం, రెండింటి రైలెక్కించడం. అరవై ఎనిమిదేళ్ళ హిండా రెండో పెళ్ళి చేసుకుని ఆంట్‌వర్ప్ వదిలి జ్యూరిక్ వెళ్ళిపోతోంది. తినకుండా గడప దాటినవాళ్ళు మళ్ళీ రారని ఫ్రేడల్ భయం. అన్నయ్య లైబెల్ అలాగే అరకప్పు కాఫీ తాగి వెళ్ళాడు. రాలేదు.

యూదుల ఆచారం ప్రకారం ఆ వంటింట్లో మాంసానికి ఎర్ర పిడి గరిటెలు, చెంచాలు; పాలకు నీలం పిడివి. సొరుగులు వేరు, తొట్లు వేరు. కలిస్తే వండినదంతా పారబోయడమే.

"కూర చూస్తుండు, ఉల్లిపాయలు తెస్తా," అని ఫ్రేడల్ కిందికి దిగింది. కూర అడుగంటుతున్న వాసన వచ్చింది. హిండా చేతికందిన గరిటె తీసి గబగబా తిప్పేసింది. అప్పుడు చూసుకుంది, పిడి నీలం. మెట్ల మీద అడుగుల చప్పుడు. గరిటె తుడిచి, దగ్గర్లో ఉన్న సొరుగులోకి తోసేసింది. అది ఎర్ర సొరుగు.

ఫ్రేడల్ రాగానే ఆ సొరుగే తెరిచింది.

"ఏమండీ! ఇక్కడ పాలగరిటె పెట్టింది మీరేనా?"

"నేనే అయ్యుంటాలే," అన్నాడు ఆమె భర్త అన్షెల్ పేపర్లోంచి తలెత్తకుండా. యాభై ఏళ్ళుగా ఆయన జవాబు అదే.

కంగారులో ఫ్రేడల్ శుద్ధి చేద్దామని సొరుగంతా మాంసం తొట్టిలో కుమ్మరించి, మరిగే నీళ్ళు పోసేసింది. నీలం గరిటె కూడా అందులోనే ఉందని పోశాక గాని గుర్తురాలేదు.

హిండా ఏడుపు అందుకుంది. "అక్కా, బావగారు కాదే, నేనే! దాంతో కూర కూడా తిప్పాను!"

"అయిపోయింది. కూరా పోయింది, చెంచాలూ పోయాయి. నువ్వు పస్తుతో రైలెక్కుతావు," అంటూనే ఫ్రేడల్ తమ మతగురువు రబ్బీకి ఫోన్ కలిపింది.

రబ్బీ అంతా విని, "ఆ గరిటె చివరిసారి వేడిపాలలో పెట్టింది ఎప్పుడమ్మా?" అన్నాడు.

"ఇవాళ పొద్దున ఆరింటికండి. మా ఆయన రోజూ తనే పాలజావ కాచుకుంటారు. డాక్టరు చెప్పాడు."

"అయ్యో. ఒక్కరోజు దాటి ఉంటే గరిటెకు పట్టిన పాల రుచి చచ్చిపోయేది, కూర తినొచ్చు. ఇప్పుడు కష్టమే."

అన్షెల్ దగ్గాడు. "ఏడు వారాలు దాటింది."

"ఏం దాటింది?"

"నేను జావ కాచి. నీ గిన్నె తడిపి బోర్లిస్తున్నా, అంతే."

"మరి రోజూ తాగేదేమిటి?"

"కింద బేకరీలో నల్లకాఫీ. రెండు తీపి రొట్టెలు."

"పాలు?"

"ఎదురింటి పిల్లికి. పచ్చివే."

"అందుకా అది అలా బలిసింది! నేనింకా కడుపుతో ఉందనుకుంటున్నా!"

"అమ్మా," ఫోన్లో రబ్బీ గొంతు పెంచాడు, "కూర తినొచ్చు. చెంచాలూ వాడుకోవచ్చు. ఆ గరిటెను మాత్రం ఇక దేనికీ వాడకండి."

ఫ్రేడల్ కళ్ళు తుడుచుకుని రెండు పళ్ళేలు బల్లమీద పెట్టింది. హిండా రెండుసార్లు వడ్డించుకుంది. మూడో కుర్చీలో అన్షెల్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆయన తినొచ్చా అని రబ్బీని ఎవరూ అడగలేదు.