ముప్పైనాలుగు వరుసలు, ఒక కాలు

బ్యాక్టీరియా బారి నుంచి మానవజాతిని కాపాడటానికి శాస్త్రవేత్తలు యాంటీబయాటిక్ కనిపెట్టారు. యాంటీబయాటిక్ బారి నుంచి మానవజాతిని కాపాడటానికి కెనడాలోని వాటర్లూలో ఉండే కోదండరామ్ ఎక్సెల్‌లో ఒక పట్టిక కనిపెట్టాడు. ఈ రెండిట్లో ఏది గొప్పదో చరిత్రే తేల్చాలి. (చరిత్రకు తీరిక దొరికేలోపు కోదండరామ్ ఎడమ కాలు తేల్చేసింది.)

కోదండరామ్ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రిస్క్ మేనేజర్. జరగబోయే ప్రమాదాలను ముందుగా ఊహించి, వాటికి మార్కులు వేసి, ఎరుపూ పసుపూ ఆకుపచ్చా రంగులు పూసి, తీరా అవి జరిగాక "మా పట్టికలో ముందే ఉంది" అని చూపించడం అతని ఉద్యోగం. ఈ పనికి అతనికి రెండుసార్లు అవార్డు కూడా వచ్చింది.

అతనికి మొదటి నుంచీ యాంటీబయాటిక్స్ అంటే పడదనుకుంటే పొరపాటే. పద్నాలుగేళ్ళ కెనడా జీవితంలో జలుబు చేసి పదకొండుసార్లు క్లినిక్‌కి వెళ్ళాడు, పదకొండుసార్లూ యాంటీబయాటిక్ రాయమని అడిగాడు. పదకొండుసార్లూ ఒకటే తీర్పు: "ఇది వైరల్, దీనికి ఆ మందు పనిచేయదు, రెస్ట్ తీసుకోండి, నీళ్ళు బాగా తాగండి." నీళ్ళు తాగమని చెప్పడానికి అన్నేళ్ళు చదవాలా అని వచ్చేటప్పుడు కారులో భార్య ఝాన్సీలక్ష్మిని అడిగేవాడు. ఆవిడ కిటికీలోంచి మంచు చూసేది.

అడిగినది ఇవ్వని దేశంలో బతకడం ఎలాగో మనవాళ్ళకు ఒకరు నేర్పనక్కర్లేదు. వంటింటి అలమారలో, కందిపప్పు వెనకాల, బిస్కెట్ల నీలం రేకు డబ్బా ఒకటి ఉంది. అందులో బిస్కెట్లు ఏనాడూ లేవు. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ మెడికల్ షాపులో ఒక్క చీటీ లేకుండా కొనుక్కొచ్చిన యాంటీబయాటిక్స్ ఉన్నాయి. ఇంట్లో ఎవరు తుమ్మినా కోదండరామ్ డబ్బా దించేవాడు, మూడు మాత్రలు ఇచ్చేవాడు. ఒళ్ళు తేలికపడగానే మిగిలినవి మళ్ళీ డబ్బాలో చేరేవి, వచ్చే జలుబుకి పనికొస్తాయని. వాటికి సైడ్ ఎఫెక్ట్స్ ఉండేవి కావు. ఎందుకంటే షాపువాడు స్ట్రిప్పులోంచి మూడో, నాలుగో కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాడు. అలా కత్తిరించిన ముక్కతో పాటు ఏ కాగితమూ రాదు. కాగితం లేని చోట సైడ్ ఎఫెక్ట్ కూడా ఉండదన్నది ఆ ఇంటి వైద్యశాస్త్రంలో మొదటి సూత్రం.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం ఈ సూత్రానికి పరీక్ష వచ్చింది. మడమ పగిలి, ఆ పగుల్లో తడి బూటు రాసుకుని, కోదండరామ్ ఎడమ పాదం ఎర్రగా వాచింది. క్లినిక్‌లో డాక్టరమ్మ చూసింది. నొక్కింది. పన్నెండోసారి నీళ్ళు తాగమంటుందని కోదండరామ్ సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ మాత్రం, అతను అడక్కుండానే, యాంటీబయాటిక్ రాసేసింది.

"చర్మం కింద ఇన్ఫెక్షన్ ఇది, బ్యాక్టీరియాదే. సెల్యులైటిస్ అంటాం. ఈరోజే మొదలుపెట్టండి. రోజుకు నాలుగు, ఏడు రోజులు, ఒక్కటి కూడా మానొద్దు," అంది. తర్వాత నీలం పెన్ను తీసి, ఎరుపు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ, చీలమండ చుట్టూ ఒక గీత గీసింది. "ఎరుపు ఈ గీత దాటినా, జ్వరం వచ్చినా, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి."

అడిగినప్పుడు ఇవ్వనివాళ్ళు అడక్కుండా ఇస్తున్నారంటే ఇందులో ఏదో ఉందని కోదండరామ్‌కి అక్కడే అనుమానం మొదలైంది. ఫార్మసీలో ఇరవై ఎనిమిది క్యాప్సూళ్ళ సీసా ఇచ్చారు. దాని సంచీకి పిన్ను కొట్టి రెండు కాగితాలు ఉన్నాయి. అతని పద్నాలుగేళ్ళ మందుల చరిత్రలో కాగితంతో వచ్చిన మొదటి యాంటీబయాటిక్ అది.

ఇంటికొచ్చి, కాలు సోఫా మీద పెట్టుకుని, రెండు కాగితాలూ చదివాడు. వికారం, విరేచనాలు, కడుపునొప్పి, దద్దుర్లు, తలనొప్పి, నోట్లో రుచి మారడం. మొత్తం ముప్పైనాలుగు.

"ఏమండీ, వేసుకున్నారా?" అని వంటింట్లోంచి అడిగింది ఝాన్సీలక్ష్మి.

"అసెస్ చేస్తున్నా."

"ఏం చేస్తున్నారు?"

"ఏదీ గుడ్డిగా వేసుకోకూడదే. లాభనష్టాలు బేరీజు వేసుకోమని ఇందులోనే రాశాడు చూడు." నిజానికి ఆ పని డాక్టర్ చేసి ఉంటుందనే రాశాడు. ఆ వాక్యం రెండో కాగితం వెనక వైపు ఉంది.

పట్టిక శనివారం ఉదయానికి తయారైంది. ఒక్కో సైడ్ ఎఫెక్ట్‌కీ ఒక్కో వరుస. అది వచ్చే అవకాశానికి ఒకటి నుంచి ఐదు మార్కులు, వస్తే జరిగే నష్టానికి ఒకటి నుంచి ఐదు. రెండూ హెచ్చవేస్తే ఆ వరుస బలం వస్తుంది. విరేచనాలకు నాలుగు నాలుగుల పదహారు వచ్చింది (కింది బాత్రూం రిపేర్లో ఉంది). "ప్రాణాపాయం, అత్యంత అరుదు" అన్న వరుసకు ఒకటి ఐదుల ఐదే వచ్చింది. ఈ లెక్కన చావుకన్నా విరేచనాలు మూడు రెట్లు ప్రమాదకరమని తేలింది. కోదండరామ్ ఇంకోసారి సరిచూశాడు, లెక్క సరిగానే ఉంది.

నష్టాల మొత్తం నూట నలభై ఒకటి. లాభాల వైపు ఒకే ఒక్క వరుస: "ఇన్ఫెక్షన్ తగ్గును." దానికి గరిష్ఠంగా ఐదు ఐదుల ఇరవై ఐదు వేశాడు, పక్షపాతం అనకుండా. ఇరవై ఐదుకీ నూట నలభై ఒకటికీ పోటీ ఏమిటి?

"మరి మందు వేసుకోకపోతే ఏమవుతుందో? ఆ వరుసేది?" అంది ఝాన్సీలక్ష్మి, స్క్రీన్ మీదికి వంగి.

"దానికి రిఫరెన్స్ లేదు."

అది నిజమే. మందు తన గురించి రెండు కాగితాలు అచ్చు వేయించుకుంది, జబ్బు ఒక్కటీ వేయించుకోలేదు. ఆధారపత్రం లేని అంశాన్ని పట్టికలో చేర్చకూడదన్నది కోదండరామ్ ఆఫీసులో తానే రాసిన నిబంధన, నాలుగు (బి). తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉండేవారు. కాకపోతే వాళ్ళు కుందేలు కాళ్ళతో సరిపెట్టుకునేవారు.

ఒక్కడే నిర్ణయం తీసుకుంటే ఏకపక్షం అవుతుంది కాబట్టి, పట్టికను "వాటర్లూ తెలుగు ఆరోగ్య మిత్రులు" వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రెండు వందల పద్నాలుగు మంది సభ్యులు, అందులో ఒక్కరు మాత్రమే మందుల గురించి చదువుకున్నవారు. ఆ ఒక్కరి పేరు తేజశ్రీ, ఫార్మసిస్టు. రెండు నిమిషాల్లో ఆ అమ్మాయి రాసింది: "అంకుల్, ప్లీజ్, ఇప్పుడే స్టార్ట్ చేయండి. ఆ లిస్టులో చాలావరకు మైల్డ్, చాలామందికి రావు కూడా. సీరియస్ రియాక్షన్ ఏదైనా వస్తే ఎలా తెలుస్తుందో నేను చెప్తా, కాల్ చేయండి. కానీ ఇన్ఫెక్షన్ ఆగదు అంకుల్."

వెంటనే భీమారావు గారు లేచారు. విద్యుత్ శాఖలో డివిజనల్ ఇంజనీరుగా రిటైరై, ఇప్పుడు గ్రూపుకి పెద్దదిక్కుగా ఉంటున్న ఆయన వాయిస్ మెసేజ్ పెట్టారు: "అమ్మా తేజశ్రీ, ఏమీ అనుకోకు. నువ్వు ఫార్మసీలో పనిచేస్తున్నావు. మందులమ్మేవాళ్ళు మందు వేసుకోమనక ఇంకేమంటారు? దీన్ని స్వప్రయోజనం అంటారమ్మా. నువ్వు ఈ చర్చ నుంచి తప్పుకోవడం పద్ధతి."

ఆ విధంగా, విషయం తెలిసిన ఏకైక వ్యక్తిని నైతిక కారణాల మీద తప్పించాక, మిగతావాళ్ళతో లాభనష్టాల సమతూక ఉపసంఘం ఏర్పడింది. భీమారావు గారే అధ్యక్షులు. కోరం ఐదుగురు. సోమవారం ఫ్యామిలీ డే సెలవు కావడంతో సభ్యుల్లో ముగ్గురు నయాగరాలో ఉన్నారు. అందుకని నిర్ణయం మంగళవారం సాయంత్రానికి వాయిదా పడింది. ఆలస్యం అమృతం విషం అని ఎవరో గుర్తు చేస్తే, అది సామెత మాత్రమేనని, ఆధారపత్రం జతచేయాలని అధ్యక్షులు కోరారు.

ఆదివారం మధ్యాహ్నానికి ఎరుపు నీలం గీతను రెండు వేళ్ళ మేర దాటింది.

కూతురు ధాత్రి చూసింది. పద్నాలుగేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది. "డాడ్, ఇట్స్ లిటరల్లీ పాస్ట్ ద లైన్," అంది.

"ఆ లైన్ ఫ్రైడే నాటిది కన్నా. అప్పటి డేటా వేరు," అని కోదండరామ్ ఆకుపచ్చ పెన్ను అందుకుని, ఎరుపుకు ఒక అంగుళం పైన కొత్త గీత గీశాడు. పని గడువు దాటిపోయినప్పుడు గడువునే జరపడాన్ని వాళ్ళ ఆఫీసులో రీబేస్‌లైన్ అంటారు. ఒకసారి రీబేస్‌లైన్ చేశాక ఆలస్యం ఉండదు. అన్నీ మళ్ళీ ఆకుపచ్చే.

"దట్స్ నాట్ హౌ లెగ్స్ వర్క్," అంది ధాత్రి. ఆ అభ్యంతరాన్ని అతను నోట్ చేసుకున్నాడు.

సోమవారం ఉదయం ఎరుపు ఆకుపచ్చ గీతనూ దాటింది. అప్పటికి ఒంట్లో వణుకుగా ఉంది. థర్మామీటర్ ముప్పైతొమ్మిది సెల్సియస్, అంటే మన లెక్కలో నూట రెండు పైన, చూపిస్తే, దుప్పట్లో ఉన్నందువల్ల ఆ రీడింగ్ చెల్లదని కోదండరామ్ తేల్చాడు. తర్వాత నల్ల పెన్ను కోసం చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి ఝాన్సీలక్ష్మి పట్టుకుంది. వేడికి ఉలిక్కిపడింది. మూడు రోజులుగా ఆవిడ అడిగింది, బతిమాలింది, సీసా తెచ్చి పళ్ళెం పక్కన పెట్టింది. ఇప్పుడు లాప్‌టాప్ మూత టపీమని మూసింది.

"మీ ఆఫీసులో ప్రాజెక్ట్ పోతే ఇంకో ప్రాజెక్ట్ ఇస్తారు. మీరు పోతే నాకెవరిస్తారు? ఏ వరుసలో రాశారు నన్ను? ఆ పిల్లని ఏ వరుసలో రాశారు?" అంది. ఆవిడ కోపంగా ఉందనుకున్నాడు కోదండరామ్. కాదు, హడలిపోయి ఉంది. "లేవండి. కారెక్కండి."

"రేపు కమిటీ..."

"మీ కమిటీ మీద మన్ను బొయ్య! లేవండి!"

ఆసుపత్రి ఎమర్జెన్సీలో సగటు నిరీక్షణ ఆరు గంటలని గోడ మీది తెర చెబుతోంది. కోదండరామ్ అందుకు తగ్గట్టుగా చార్జరు, రెండు అరటిపండ్లు, పట్టిక ప్రింటు తెచ్చుకున్నాడు. రిజిస్ట్రేషన్ దగ్గర నర్సు అతని పాంటు పైకి మడిచింది. రెండు రంగుల గీతలు చూసింది. వాటి పైన, మోకాలి దాకా పాకుతున్న ఎర్రటి చార చూసింది. బీపీ చూసింది. ఎవరినో పిలిచింది. నాలుగు నిమిషాల్లో అతన్ని లోపలికి తీసుకెళ్ళారు.

కెనడా ఆసుపత్రిలో వెంటనే లోపలికి పిలిచారంటే, అంతకన్నా భయపెట్టే మాట ఇంకోటి లేదు. పద్నాలుగేళ్ళుగా క్యూల మీద జోకులు వేసిన మనిషికి, క్యూ లేకపోవడం చూశాక చచ్చిపోతానేమో అనిపించింది. ధాత్రికి గణితం పరీక్ష ఉందని, దానికి తాను కూర్చోబెట్టి చెప్పలేదని గుర్తొచ్చింది. పక్కన నడుస్తున్న ఝాన్సీలక్ష్మి కొంగు, అంటే ఆవిడ జాకెట్ చివర, పట్టుకున్నాడు.

"మందు శుక్రవారమే ఇచ్చారు కదా, ఎన్ని వేసుకున్నారు?" అని అడిగాడు లోపలి డాక్టరు.

కోదండరామ్ ప్రింటు ఇచ్చాడు. డాక్టరు ముప్పైనాలుగు వరుసలూ ఓపిగ్గా చదివాడు. రంగులు మెచ్చుకున్నాడు కూడా. తర్వాత అడిగాడు: "ఇందులో కాలు ఎక్కడుంది?"

కోదండరామ్ ప్రింటు తిప్పి వెనక వైపు వెతికాడు.

"ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోతోంది. ఇంకొక రోజు ఆగి ఉంటే మనం కాలు గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు, మీ గురించి మాట్లాడుకునేవాళ్ళం, మీరు లేకుండా," అని చెప్పి, డాక్టరు సెలైన్ గొట్టంలోకి యాంటీబయాటిక్ ఎక్కించమన్నాడు. సీసాలో ఉన్నదానికన్నా పెద్ద మందు. దానికీ సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయి, ఇంకా ఎక్కువే ఉంటాయి. కాగితం కావాలా అని నర్సు మర్యాదగా అడిగింది. అక్కర్లేదన్నాడు కోదండరామ్. చెయ్యి చాపాడు, సూది గుచ్చుతుంటే కళ్ళు మూసుకున్నాడు.

ఆరు రోజులు ఎక్కించారు. రెండు రోజులు విరేచనాలయ్యాయి. తర్వాత అవి పోయాయి, కాలు ఉంది. మంగళవారం కోరం కుదిరిన ఉపసంఘం మందు వద్దని నాలుగు-ఒకటి తేడాతో తీర్మానించింది. తీర్మానం ఆసుపత్రి మంచం మీదున్న అతని ఫోనుకి చేరింది. భీమారావు గారు పక్కనే చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

మార్చి నెలలో కోదండరామ్ కుంటుతూ మళ్ళీ వంటింట్లోకి వచ్చాడు. ఇంటికి రాసిచ్చిన పది రోజుల కోర్సు ఝాన్సీలక్ష్మి గంట కొట్టినట్టు మింగించింది. ఇక మిగిలింది ఆ పాత సీసా. మూత కూడా తియ్యని ఇరవై ఎనిమిది క్యాప్సూళ్ళు. మిగిలిన మందులు ఫార్మసీలో తిరిగిచ్చేయాలని తేజశ్రీ చెప్పింది. కానీ పనికొచ్చే వస్తువు పారేయడం అతని ఇంటావంటా లేదు. ఝాన్సీలక్ష్మి డ్యూటీకి వెళ్ళాక, కందిపప్పు వెనకనుంచి నీలం డబ్బా దించి, క్యాప్సూళ్ళన్నీ అందులో పోశాడు. రెండు కాగితాలూ మడిచి రీసైక్లింగ్ డబ్బాలో వేశాడు. దాంతో వాటి సైడ్ ఎఫెక్ట్స్ కూడా తీరిపోయాయి.

అప్పుడే హాల్లో ధాత్రి వరసగా మూడుసార్లు తుమ్మింది.

కోదండరామ్ మూడు క్యాప్సూళ్ళు, గ్లాసుడు నీళ్ళు పట్టుకెళ్ళాడు. కూతురు ఆ క్యాప్సూళ్ళను చూసింది, తండ్రి కాలు చూసింది.

"డాడ్, వాట్ అబౌట్ ద సైడ్ ఎఫెక్ట్స్?"

"అవన్నీ నిజంగా జబ్బు చేసినవాళ్ళకి కన్నా," అన్నాడు కోదండరామ్. "నీకేముంది, ఉత్త జలుబే కదా."