ముడుల లెక్క

ఆ రోజు పొద్దున మేస్త్రి వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ఎనిమిది రాకెట్లు క్లబ్బులో అప్పజెప్పాలి. తొమ్మిదింటికి ఆట మొదలవుతుంది. ఆటలన్నీ అయ్యాక, ఈ ఏడాది క్లబ్బు టెన్నిస్ రాకెట్లకు గట్టింగ్, అంటే తీగలు బిగించే పని ఎవరికిచ్చారో సెక్రటరీ మైకులో చెబుతాడు. మేస్త్రి పేరు చెబితే ఇరవై ఆరేళ్ళుగా నడుస్తున్న కొట్టు ఇంకో ఏడాది నడుస్తుంది. ఎదురు వీధిలో కరెంటు మిషను పెట్టినవాడి పేరు చెబితే సోమవారం నుంచి మేస్త్రి పోయి బావమరిది మేకుల కొట్టులో కూర్చోవాలి.

బావమరిది అందుకు ఎప్పుడో సిద్ధమయ్యాడు. అంగుళం మేకుల పెట్టెకీ మూడంగుళాల మేకుల పెట్టెకీ మధ్య ఒక ముక్కాలి పీట వేయించాడు. ఆ పీట తన కుర్చీ కంటే సరిగ్గా జానెడు పొట్టిగా ఉండాలని వడ్రంగికి కొలత ఇచ్చి మరీ చేయించాడని మేస్త్రికి తెలుసు. "తొందరేం లేదు బావా, పీట ఎక్కడికీ పోదు" అని కనిపించినప్పుడల్లా అంటుంటాడు. ఆ మాటలో ప్రేమ ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో విడదీసి తూచగల త్రాసు మేస్త్రి దగ్గర లేదు.

క్లబ్బులో ఆ రోజు జరిగేది పందెం కాదు, ప్రదర్శన. రెండు జట్లు, ఒక్కో జట్టులో ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. ఆడవాళ్ళ సింగిల్స్, మగవాళ్ళ సింగిల్స్, తర్వాత ఎవరి డబుల్స్ వాళ్ళకి, చివర్న ఒక ఆడా ఒక మగా కలిసి ఆడే మిక్స్‌డ్ డబుల్స్. ఎవరు ఏ ఆట గెలిచారన్నది లెక్కలోకి రాదు. అన్ని ఆటల్లో గెలిచిన గేములూ కలిపితే ఎవరికి ఎక్కువుంటే వాళ్ళదే గెలుపు. చిల్లర కాదు, టోకు. ఆ పద్ధతి మేస్త్రికి బాగా నచ్చింది.

నచ్చనిది ఒక్కటే. ప్రదర్శన కాబట్టి ఎవరి రాకెట్టు వాళ్ళు తెచ్చుకోకుండా, ఎనిమిది మందికీ ఒకే రంగు, ఒకే బరువు కొత్త రాకెట్లు క్లబ్బే కొన్నది. అచ్చులో పోసినట్టున్న ఆ ఎనిమిదింటికీ ఎవరికి కావలసిన బిగువులో వాళ్ళకి గట్టింగ్ చేయాలి. మోచెయ్యి నొప్పితో బాధపడే పాత ఛాంపియన్‌కి అన్నిటికంటే వదులు. రెండేళ్ళుగా ఓటమి ఎరగని ఛాంపియన్ అమ్మాయికి అన్నిటికంటే బిగువు. మిగతా ఆరుగురూ ఆ మధ్యలో.

మేస్త్రి ఏదీ రాసుకోడు. పిడికి ఒక దారం కట్టి, బిగువుని బట్టి దానికి ముడులు వేస్తాడు. వదులుదానికి ఒక ముడి, అలా పెరుగుతూ ఛాంపియన్ అమ్మాయి రాకెట్టుకి ఎనిమిది. ఆయన పని అక్కడితో అయిపోతుంది. పిడి తుడిచి, దారం తీసేసి, కవర్లో పెట్టి ఇవ్వడం భార్య పని. ఇరవై ఆరేళ్ళలో ఆ పనుల పంపకంలో ఒక్కసారి కూడా తేడా రాలేదు. వచ్చినవాళ్ళు తమ రాకెట్టు తామే గుర్తుపట్టి తీసుకుపోతారు కాబట్టి, దారం ఉన్నా లేకపోయినా ఎవరికీ పట్టేది కాదు.

ఆ రోజు క్లబ్బు మైదానం పక్కన బల్ల మీద మొదటి కవరు విప్పేసరికి మేస్త్రికి బోసి పిడి కనిపించింది. రెండోది విప్పాడు. మూడోది విప్పాడు. మిగతా అయిదూ విప్పే ధైర్యం చాలక భార్య వైపు తిరిగాడు.

"దారాలేవీ?"

"తీసేశాను కదండీ. ఎప్పుడూ చేసేదేగా." ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "పెద్దవాళ్ళు పట్టుకునేవని ఇవాళ ఒకటికి రెండుసార్లు తుడిచాను."

"పారేశావా?"

"నేనెప్పుడైనా ఏమైనా పారేశానా?" అంటూ ఆమె సంచిలోంచి చిన్న డబ్బా తీసి ఆయన అరచేతిలో బోర్లించింది. ఎనిమిది దారాలూ ఉన్నాయి. ఒకటి నుంచి ఎనిమిది దాకా ముడులన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఏ దారం ఏ రాకెట్టుదో, అదొక్కటే లేదు.

ఆమెను ఏమీ అనడానికి లేదు. తప్పు ఆమెదీ కాదు, తనదీ కాదు. ఇద్దరూ తమ తమ పని సక్రమంగా చేయడం వల్ల వచ్చిన నష్టం అది. అలాంటి నష్టాన్ని ఎవరి మీదా నెట్టలేం. ఆమెను వెళ్ళి ప్రేక్షకుల్లో కూర్చోమని, మేస్త్రి ఒక రాకెట్టు చేతిలోకి తీసుకున్నాడు. దారి లేకపోలేదు. తీగని వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటే, ఆ మోతని బట్టి ఎంత బిగువో ఆయన చెప్పగలడు. కరెంటు మిషనువాడికి రాని విద్య అదొక్కటే.

కానీ బల్లకు ఒక పక్క బ్యాండు మేళం, ఇంకో పక్క మనిషంత ఎత్తు మైకు పెట్టె. మీటితే తీగ కదలడం కనిపిస్తోంది గాని, వినిపించేది డప్పు. ఆటగాళ్ళు అప్పుడే గేటు దాటి లోపలికొస్తున్నారు. మేస్త్రి పరుగున వేదిక దగ్గరికి పోయి సెక్రటరీ చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, ఒక్క నిమిషం ఈ మోతంతా ఆపించండి. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉంటే చాలు. మీకు పుణ్యముంటుంది."

సెక్రటరీ ఆయన ముఖం చూశాడు. నెత్తురుచుక్క లేదు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. సెక్రటరీ లోకం తెలిసినవాడు. ఇంకేమీ అడక్కుండా భుజం మీద చెయ్యేసి నొక్కి, మైకు అందుకున్నాడు. మన మేస్త్రిగారి ఇంట్లో ఒక విషాదం జరిగిందనీ, దగ్గరి బంధువు కన్నుమూశారనీ, వారి ఆత్మశాంతి కోసం అందరూ లేచి ఒక నిమిషం మౌనం పాటించాలనీ చెప్పాడు. అప్పటిదాకా ఆయన నోట ఉత్త మేస్త్రిగా ఉన్నవాడు మేస్త్రిగారు అయ్యింది ఆ క్షణంలోనే.

బ్యాండు ఆగింది. మైకు ఆగింది. ఆరు వందల మంది లేచి తలలు వంచారు. మైదానంలో సూది పడితే వినిపించేటంత నిశ్శబ్దం. మేస్త్రి అడిగింది అడిగినట్టే దొరికింది. కానీ తన బంధువు ఆత్మశాంతి కోసం ఊరంతా తలవంచుకుని నిలబడితే, తను బల్ల దగ్గర నిలబడి రాకెట్లు టంగుమని మీటడం ఎలా? ఆయన కూడా తలవంచాడు. అరవై సెకన్లూ ఒక్కొక్కటీ కళ్ళముందే వృథాగా పోయాయి.

చివరి సెకన్లలో ప్రేక్షకుల మధ్య నుంచి ఒక ఆడగొంతు పైకి లేచింది. మేస్త్రి భార్యకి ఈ లోకంలో దగ్గరి బంధువు ఒక్కడే.

"తమ్ముడూ," అని ఆమె కూలబడింది. "పొద్దున్న కూడా ఫోన్లో మాట్లాడావు కదరా."

దాంతో పోయింది ఎవరో కూడా తేలిపోయింది. అప్పటిదాకా అనుమానం ఉన్నవాళ్ళకి కూడా తీరింది. మేస్త్రి జనాన్ని తోసుకుంటూ ఆమె దగ్గరికి చేరేలోపే సెక్రటరీ తన కారు తెప్పించాడు. క్లబ్బు ఆడవాళ్ళు ఇద్దరు ఆమెను పొదివి పట్టుకుని, విజేతల కోసం తెప్పించిన దండల్లోంచి ఒక పెద్ద పూలదండ కూడా తీసుకుని, మేకుల కొట్టుకి బయలుదేరారు. మేస్త్రి తిరిగొచ్చేసరికి రాకెట్లు బల్ల మీద లేవు. ఎవరికి అందింది వాళ్ళు తీసుకుపోయారు.

ఇప్పుడు నిజం చెప్పాలంటే మౌనం ఎందుకడిగాడో చెప్పాలి. అది చెబితే రాకెట్ల సంగతి చెప్పాలి. చెప్పకపోతే బతికున్న బావమరిదిని చంపినట్టు. మేస్త్రి రెండిటినీ మనసులో తూచి చూశాడు. ఎటు చూసినా మొగ్గు పీట వైపే ఉంది.

మొదటి ఆటలో ఛాంపియన్ అమ్మాయి కొట్టిన బంతి గీత దాటి, కంచె దాటి, బ్యాండువాళ్ళ పెద్ద డప్పు మీద పడింది. రెండోది కూడా అటే పోయింది. పాత ఛాంపియన్ రాకెట్టు ఇనప పెనంలా మోగుతోంది. కొట్టినప్పుడల్లా ఆయన పళ్ళ బిగువున మోచెయ్యి పట్టుకుంటున్నాడు. ఆమె ఆరు రెండుతో ఓడిపోయింది. అవతలి జట్టులో ఆయనా ఆరు రెండుతోనే ఓడిపోయాడు. డబుల్స్ రెండూ అయ్యేసరికి గేములు పద్దెనిమిదీ పద్దెనిమిదీ. రెండువైపులా మేలు సరుకే పాడైంది కాబట్టి తూకం సరిగ్గా నిలబడింది. ఎప్పుడూ సగంలో లేచి భోజనాలకి పోయే జనం ఈసారి కుర్చీల అంచుమీదికి జరిగి కూర్చున్నారు.

మిక్స్‌డ్ డబుల్స్‌కి ముందు మేస్త్రి ఇక ఓర్చుకోలేకపోయాడు. పీటే గతి అయినప్పుడు కనీసం నిజాయితీ మిగిలినా అదే లాభం అనుకుని, ఛాంపియన్ అమ్మాయి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తప్పంతా తనదేననీ, ఆమె చేతిలో ఉన్నది ఆమె రాకెట్టు కాదనీ, దారాల సంగతీ ముడుల సంగతీ పూసగుచ్చినట్టు చెప్పాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఊరుకోండి బాబాయిగారూ. మీ ఇంట్లో అంత కష్టం జరిగిందని విన్న దగ్గర్నుంచి నాకే బంతి మీద మనసు నిలవడం లేదు. నా ఓటమి కూడా మీ మీద వేసుకోకండి."

పాత ఛాంపియన్‌కి చెప్పబోతే ఆయన ఐసు సంచి లేని చేత్తో వీపు నిమిరాడు. సెక్రటరీకి చెబితే, దుఃఖంలో మనిషి ఇలాగే ప్రతి తప్పూ తనదే అనుకుంటాడని పక్కవాళ్ళకి వివరించి మంచినీళ్ళు తాగించాడు. ఆఖరికి కరెంటు మిషనువాడు కూడా వచ్చి, ఇలాంటి రోజున పోటీకి రావడం తనకే సిగ్గుగా ఉందని, తన పేరు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి చెయ్యి కలిపాడు. ఇరవై ఆరేళ్ళు నిజాయితీగా చేసిన వ్యాపారంలో మేస్త్రి నిజానికి ఇంత తక్కువ గిరాకీ ఎన్నడూ చూడలేదు.

అదే సమయంలో బావమరిది గేటు దగ్గర దిగాడు. వెనకాల మేస్త్రి భార్య, ఏడవాలో నవ్వాలో తేలని ముఖంతో. కొట్టులో రెండంగుళాల మేకులు తూస్తుండగా అక్క వచ్చి మీద పడి ఏడ్చిందట. వెంట వచ్చిన ఇద్దరూ అతని పటం ఎక్కడుందని అతన్నే అడిగారట. గిరాకీ వదిలి కొట్టు కట్టేసి రావడానికి ఇంతసేపు పట్టిందట. ఆ పూలదండ ఇంకా అతని చేతికి వేలాడుతూనే ఉంది.

సెక్రటరీ అతన్ని చూసి, అడ్డంగా పరుగెత్తుకొచ్చి, రెక్క పట్టుకుని బట్టలు మార్చుకునే గదిలోకి లాగేశాడు. మేస్త్రి కూడా వెంట పోయాడు. ఆరు వందల మందిని తన మాట మీద నిలబెట్టి మౌనం పాటింపజేసిన సెక్రటరీ ఇప్పుడేమని చెప్పుకోవాలి?

"పరువు పోతుందండీ," అన్నాడు సెక్రటరీ. "ఒక్క గంట. బహుమతులిచ్చేదాకా ఒక్క గంటసేపు మీరు లేరనుకోండి."

బావమరిది దండ తీసి మేకుకి తగిలించాడు. ఆ మేకు తన కొట్టుదేనా అని ఓసారి వంగి చూశాడు.

"లేననుకుంటా. దానికేముంది. గంటసేపు చచ్చినందుకు నాకేం మిగుల్తుందో చెప్పండి."

"ఏం కావాలి?"

"గట్టింగ్ పని బావకే ఇవ్వండి. కానీ బావ తన చేతి మిషను తెచ్చి నా కొట్టులో పెట్టుకోవాలి. క్లబ్బు వాళ్ళంతా నా గుమ్మం ఎక్కాలి. వచ్చినవాళ్ళు ఊరికే పోరు కదా, నాలుగు మేకులైనా కొంటారు."

"పోయినవాడివి, నీకు ఇంకా బేరాలేమిట్రా," అన్నాడు మేస్త్రి నీరసంగా.

"అందుకేగా బావా, ఇదే ఆఖరి బేరం."

సెక్రటరీ మేస్త్రి వైపు కూడా చూడకుండా ఒప్పేసుకున్నాడు. బయట జనం హోరెత్తారు. చివరి ఆట ఏడు ఆరుతో ముగిసిందట. ఎవరు గెలిచారో మేస్త్రి అడగలేదు. క్లబ్బు చరిత్రలో ఇంత రసవత్తరమైన ప్రదర్శన జరగలేదని సెక్రటరీ మైకులో చెప్పాడు. ఇంట్లో పీనుగ ఉన్నా పని ఆపని మేస్త్రిగారికే ఈ ఏడాది గట్టింగ్ పని అన్నాడు. దిక్కులేకుండా పోయిన బావమరిది కొట్టు బాధ్యత కూడా ఇకనుంచి ఆ మంచి మనిషి మీదే పడిందని చెబుతుంటే జనం మళ్ళీ లేచి నిలబడ్డారు.

సోమవారం మిషను మేకుల కొట్టుకి చేరింది. పలకరింపుకి వచ్చినవాళ్ళకి, పోయింది కవల సోదరుడని బావమరిదే చెప్పి, అరకిలో మేకులు కట్టి పంపిస్తున్నాడు. పాత తీగలు కోసేసిన ఎనిమిది రాకెట్లూ క్లబ్బు నుంచి తిరిగొచ్చాయి. ఆ రోజు జరిగినంత గట్టి పోటీ మళ్ళీ జరగాలంటే బిగువులు సరిగ్గా ఆ రోజు ఉన్నట్టే ఉండాలని సెక్రటరీ చీటీ పంపాడు. మేస్త్రి ముక్కాలి పీట మీద కూర్చుని, ఎనిమిది దారాలూ ఒళ్ళో పెట్టుకుని, ఏది దేనికి కట్టాలో తెలియక చూస్తూ ఉన్నాడు. స్వర్గస్థుడైన బావమరిది మాత్రం రోజూ ఠంచనుగా ఎనిమిదింటికే వచ్చి, పీట కంటే జానెడు ఎత్తైన కుర్చీలో కూర్చుని, మేస్త్రి ఎన్నింటికి వస్తున్నాడో గడియారం చూస్తుంటాడు.