ఓర్సోలా చేసిన మైనపు కాలు

ఎండ ముదరకముందే తడిగుడ్డలో చుట్టిన మైనపు కాలిని వైద్యబడికి చేర్చాలి. ఆ ఉదయం ఓర్సోలా అనుకున్నది అంతే. తొడ నుంచి చీలమండ దాకా తోలు ఒలిచినట్టు కండా నరమూ, పాదానికి మాత్రం తోలూ కనబడే కాలది, ఆరు నెలల కష్టం. తొమ్మిది కొట్టేసరికి అది బల్ల మీద ఉంటే బడిలో బొమ్మలు చేసే కొలువు నీదే, లేదంటే అదే కొలువడిగిన ఫ్లోరెన్సువాడిదేనని ఆచార్య తార్క్వీనియో తెగేసి చెప్పాడు. బొలోన్యాలో ఆడదానికి అలాంటి కొలువు మళ్లీ రమ్మన్నా రాదు.

మనసాగక గుడ్డ విప్పి చూసుకుంది. లోపల తెల్లగా, నున్నగా, బొద్దుగా ఇంకో కాలుంది.

"అత్తయ్యా! ఇది మొక్కుబడి కాలు. నాదేదీ?"

కింది దుకాణంలో కొవ్వొత్తులూ మైనపు మొక్కుబడి అవయవాలూ అమ్మే గౌదెన్సియా తాపీగా చెప్పింది. "రొట్టెల బల్దస్సారేకి కాలు నయమైంది కదా, పునీత రోకోకి చెల్లించాలన్నాడు. చేతికందింది ఇచ్చాను. దాని బదులు ఇంకోటి నేనే గుడ్డలో చుట్టిపెట్టానులే."

"తోలు లేదని చూడలేదా?"

"జబ్బు కాలు అలాగే ఉంటుందనుకున్నానే!"

ఓర్సోలా నున్నటి కాలిని చంకన పెట్టుకుని చర్చికి పరుగెత్తింది. అప్పటికే అక్కడ ఇసకేస్తే రాలని జనం. పునీతుడు బల్దస్సారే రోగాన్నంతా బయటికి లాగి చూపించాడని ఎవరో అన్నారట. ఇంకేముంది, వచ్చినవాళ్లంతా పునీతుడి పక్కన వేలాడదీసిన ఆ కాలి కింద తలో కొవ్వొత్తీ వెలిగించారు. వేడికి మైనం చెమర్చింది.

"చెమట పడుతోంది! మహిమ!" అంటూ ఇంకో ఇరవై వెలిగించారు.

"ఆపండి! అది నా కాలు!" ఓర్సోలా అరిచింది.

బల్దస్సారే ఆమెను ఎగాదిగా చూశాడు. "నీ రెండూ నీకున్నాయి. చంకలో మూడోది. ఇంకెన్ని కావాలమ్మా?"

గంట తొమ్మిది కొట్టింది. మైనపు చిటికెన వేలు ఊడి కిందపడి కరిగిపోయింది. ఓర్సోలా గొంతు పెంచింది. "కాలికి జ్వరమొచ్చిందయ్యా! దీపాలార్పి విసరండి!"

టోపీలతో, కొంగులతో, బల్దస్సారే అయితే తన పిండి గుడ్డతో, తలా ఒక చెయ్యి వేసి విసిరారు.

అంతలో తార్క్వీనియో రొప్పుతూ వచ్చాడు. మహిమ చూడాలని శిష్యులంతా పారిపోతే ఖాళీ బల్లలకు పాఠం చెప్పలేక బయల్దేరాడు. తీరా చూస్తే, తన తరగతిలో కునుకు తీసే కుర్రాళ్లు ఇక్కడ పిక్క కండరాలు లెక్కపెడుతున్నారు. ఆరిన కొవ్వొత్తి ఒకటి పుచ్చుకుని చూపిస్తూ పాఠం మొదలెట్టాడు. ముసలమ్మలు సైతం కదల్లేదు.

"అంతా బాగుంది. చిటికెన వేలేదీ?" అన్నాడు చివర్లో.

ఓర్సోలా కొవ్వొత్తి ముక్కలు పోగుచేసి, గుంపులో నిలబడ్డ చర్చి పాదిరీ వైపు తిరిగింది. "పాదిరీగారూ, చెప్పు విప్పండి."

"ఇక్కడా?"

"పునీతుడి కోసం."

ఆయన మొహమాటంగా పాదం చాపాడు. అందరూ చూస్తుండగానే ఆమె ఆయన చిటికెన వేలిని చూసి అచ్చం అలాంటిదే మలిచి మైనపు కాలికి అతికించింది. ఆ తర్వాత చంకలోని నున్నటి కాలిని పైకెత్తింది. "జ్వరం తగ్గింది, తోలూ వచ్చింది! మొక్కుగా ఇది తీసుకోండి!" చర్చి దద్దరిల్లింది. తోలు లేని కాలు చల్లగా కిందికి దిగింది.

ఆచార్యుడు కళ్లద్దాలు పెట్టుకుని వేళ్లు అయిదూ లెక్కపెట్టాడు. "కొలువు నీదే. ఫ్లోరెన్సువాణ్ణి రావద్దంటాను."

పాదిరీగారి చిటికెన వేలికి ఆనెకాయ ఉందన్న సంగతి ఆ హడావిడిలో ఎవరికీ పట్టలేదు. ఆ బడిలో చదివిన వైద్యులు మాత్రం ముప్పై ఏళ్లపాటు, ఆనెకాయ లేని వేలు కనబడితే చాలు, మందు రాసిచ్చారు.