పుట్టింటి మన్నుకు పరీక్ష

ఆ ఆదివారం పొద్దున గోదావరి వేసుకున్న పథకం చిన్నది. పుట్టింటినుంచి తెచ్చిన మన్నుతో మల్లెమొక్క నాటాలి; ఆ వంకన బస్సు వేళదాకా మొగుడు ఆత్మారాంను పెరట్లోంచి కదలనివ్వకూడదు. కొత్త పెళ్లికూతురాయె. ఆత్మారాం ఉద్యోగం రుద్రూరు చెరకు తోటల్లో, ఆమె కాపురం నిజామాబాదులో అత్తగారితో. వారానికోసారి వచ్చే మనిషి కంటినిండా చూసుకునేలోపే బస్సెక్కేవాడు. తీసుకుపొమ్మంటే, మంచి ఇల్లు దొరకనీ అనేవాడు.

"చూడుండ్రి, మన్నుల తెల్లదారాల లెక్క బూజు! వేల్పూర్ల మా అవ్వ గీ మన్ను వెయ్యంది ఏ మొక్కా నాటది. గిది పడితే మోడు గూడ చిగురిస్తది."

"మీ అవ్వది అనుభవం. రుజువు గాదు," అన్నాడు ఆత్మారాం. "రెండు కుండీలు పెడదాం. ఒకదాంట్ల గిదే మన్ను. ఇంకోదాంట్ల గిదే మన్ను కాల్చి, బూజు చచ్చినంక పోద్దాం."

"బూజున్న మొక్క గెలిస్తే నన్ను రుద్రూర్ తోల్కపోవాలె."

"సరే. ఓడితే మాత్రం అడగొద్దు."

ఆత్మారాం మన్నును పెనం మీద వేయిస్తుండగా వాసనకు అత్త భీమవ్వ వచ్చింది.

"ఓరి కొడకా! కోడలి పుట్టింటి మన్ను కాలుస్తవా? పచ్చగుండాల్సిన పిల్లకు గిదేం కీడురా!"

కొడుకు సైన్సంతా చెప్పాడు. ఆమెకు అర్థమైంది ఒక్కటే: ఒక కుండీకి అన్యాయం జరిగింది. రెండు కుండీల్లోనూ ఒకే ఎత్తు మల్లెమొక్కలు నాటి అతడు బస్సెక్కగానే మంచి కుండీలోంచి దోసెడు మన్ను తీసి కాల్చినదానిలో కలిపింది.

మర్నాడు గోదావరి చూస్తే గెలవాల్సిన కుండీ కుంగింది, ఓడాల్సింది ఉబ్బింది. ఎలుకల పనే అనుకుని, ఉబ్బినదాంట్లోంచి తీసి కుంగినదాన్ని నింపింది. అది చూసి భీమవ్వ మళ్లీ కలిపింది. ఒకరికి తెలియకుండా ఒకరు తవ్వుతుంటే గోడమీదుగా చూసిన పక్కింటి హుసేన్ బీ, ఇదేదో వీళ్ల ఆచారమనుకుని, రెండు కుండీలకూ మేక ఎరువు వేసింది.

వీధిలో చెరకుబండి పోతే చాలు, గోదావరి వాకిట్లోకి పరుగెత్తేది. ఆ తీపివాసన రుద్రూరునుంచే వచ్చిందనిపించేది. వెనక్కివచ్చి మొక్కను నిమిరేది: "జల్ది పెరుగు తల్లీ. నన్ను ఆయన దగ్గర చేర్చు."

మొగ్గలు తొడిగాక ఆత్మారాం దారంతో కొలిచాడు. కవలపిల్లల్లా రెండూ ఒక్క ఎత్తు.

"సమానం," అన్నాడు. నమ్మలేక దారం మళ్లీ పెట్టి చూశాడు. "బూజుతోని ఏం ఫాయిదా లేదు."

గోదావరి కళ్లనిండా నీళ్లు. "అంటే నేనిగ ఈడనేనా?"

"ఏడుస్తవేంది బిడ్డా?" అంది భీమవ్వ. "రెండూ సల్లగుండాలని కాలినదాంట్ల మంచి మన్ను నేనే పోసిన గదా!"

"నువ్వా అత్తమ్మా! ఎలుకలనుకొని నేను మళ్ల దీంట్ల పోసిన!"

"ఎరువు నాది, భీమక్కా!" అంది గోడ మీదినుంచి హుసేన్ బీ.

ఆత్మారాం ముఖం వెలిగిపోయింది. "అయితే గీ పరీక్ష చెల్లది! మళ్ల పెట్టాలె. నా కండ్లముందట, రుద్రూర్ల పెట్టాలె."

"ఉత్త కుండీలే పట్కపోతవారా?" అంది భీమవ్వ.

"నీళ్లు పొయ్యనీకి మనిషి గావాలె గదా," అన్నాడు గోదావరివైపు చూడకుండా. "ఇల్లు చిన్నదైతేంది?"

గోదావరి అప్పటికే పెట్టె సర్దుతోంది. పక్క గదిలో భీమవ్వ కూడా మూట కడుతోంది.

"నువ్వెందుకే అవ్వా?"

"మళ్ల మన్ను కాలుస్తవు. నిన్ను నమ్మ."

రుద్రూరు దారిన, బోధన్ బస్సులో కొత్త దంపతుల మధ్య రెండు కుండీలు, కుండీల మధ్య భీమవ్వ.