కాగితం మీద లేని షైనీ

మా స్టేషన్ పరిధిలో లంచం పూర్తిగా అంతరించిపోయిందని ఎస్సై శివనాగరాజు గారు మార్చి నెలలో అధికారికంగా ప్రకటించేరు. ఆ శుభసందర్భంలో గేటుకి ఫ్లెక్సీ కట్టేరు. కింద రెండంగుళాల అక్షరాల్లో "లంచం అడిగితే నేరుగా నాకు చెప్పండి" అని. పైన పదడుగుల ఎస్సై గారు. ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు నాది కాబట్టి షట్టరెత్తగానే రోజూ ఆయన దర్శనమే. అంత నిజాయితీ గల మొహాన్ని నేను ఇంకే ఫ్లెక్సీ మీదా చూడలేదు.

జూన్లో మా జోజి మాస్టారి అమ్మాయి షైనీ వచ్చింది. తొమ్మిదేళ్ళుగా ఐర్లండులో నర్సు. అక్కడే ఇంకో పెద్ద హాస్పిటల్లో ఉద్యోగం వచ్చిందట. చేరాలంటే ఈమె మీద కేసులేం లేవని మా స్టేషన్ నుంచి రిపోర్టు వెళ్ళాలి. సెలవు మూడు వారాలు. ఆలోగా వెళ్ళకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"రూపాయి కూడా ఇవ్వను బాబాయి గారూ," అంది పాస్‌పోర్టు జిరాక్సు తీయించుకుంటూ.

"ఇవ్వక్కర్లేదమ్మా," అని ఫ్లెక్సీ చూపించేను.

రెండు వారాలు గడిచేక, ఎంక్వయిరీకి హెడ్ కానిస్టేబుల్ తాతారావు గారు మాస్టారింటికి వెళ్ళేరు. కాగితాలు పట్టుకుని నేనూ వెళ్ళేను. తాతారావు గారి మర్యాద గురించి చెప్పాలంటే రోజు చాలదు. బూట్లు గుమ్మం బయటే విప్పేరు. షైనీ వాళ్ళమ్మ మరియమ్మ గారు కొబ్బరి బొండాం ఇస్తే, వద్దండీ వద్దండీ అంటూనే రెండు తాగేరు. అప్పుడు షైనీని పాదాల నుంచి తల దాకా చూసి, ఎంతో బాధగా అన్నారు.

"మేడమ్ గారండీ, మీరు ఇంట్లో లేరని రాయాల్సొస్తుందండి."

"మీ ఎదురుగానే ఉన్నానుగా?"

"ఉన్నారండి. కాదన్నానా? కానీ కాగితం మీద లేరండి. కాగితం మీదకి రావాలంటే ఐదు వేలవుద్దండి."

"నిన్న బుల్లిరాజు గారబ్బాయి దగ్గర రెండు వేలేగా తీసుకున్నారు?"

"ఆయ్. ఆ అబ్బాయి వెళ్ళేది దుబాయండి. మీది ఐర్లండు. దూరం చూసుకోవాలి కదండీ."

షైనీ చున్నీ సరిచేసుకుని, స్కూటరెక్కి, సరాసరి ఎస్సై గారి గదికి వెళ్ళింది. నేను వెనకాలే.

శివనాగరాజు గారు అంతా విని కుర్చీలోంచి లేచేరు. ఆయన కళ్ళు చెమర్చేయి.

"శభాషమ్మా! ఫ్లెక్సీ కట్టేక చెప్పిన మొదటి మనిషివి నువ్వే. నా జన్మ ధన్యమైంది. ఇప్పుడే విచారణకి ఆదేశిస్తున్నాను. ఒరేయ్, తాతారావుని పిలు!"

"ఆయనెందుకండీ?"

"విచారణాధికారి అతనేనమ్మా. ఈ కేసు గురించి అతనికి తెలిసినంతగా స్టేషన్లో ఇంకెవరికీ తెలీదు."

తాతారావు గారు పెన్ను క్యాప్ తీసి, షైనీకి కుర్చీ వేసి, తను నిలబడే స్టేట్‌మెంట్ రాసుకున్నారు.

"నేను మిమ్మల్ని ఎంతడిగేనండి?"

"ఐదు వేలు."

"అక్షరాలా ఐదు వేలు. రాసేనండి. అడిగినప్పుడు నా ప్రవర్తన ఎలా ఉందండి?"

"మర్యాదగానే ఉంది."

"థాంక్సండి. సాక్షులు?"

షైనీ నన్ను చూపించింది. తాతారావు గారు కూడా నన్ను చూసేరు. ఆయన భుజం మీంచి, కిటికీ ఊచల్లోంచి, నా జిరాక్సు షాపు కూడా నన్ను చూసింది.

"నేను ఆ టైములో బొండాం తాగుతున్నానండి," అన్నాను. "తాగేటప్పుడు నాకు వినపడదండి."

సాయంత్రానికల్లా విచారణ పూర్తయింది. అంత వేగం పెద్ద పెద్ద దేశాల్లో కూడా ఉండదు. "నిందితుడు తాతారావుని గట్టిగా ప్రశ్నించితిని. అతను కన్నీరు పెట్టుకొనెను. నిర్దోషి అని నాకు నమ్మకం కుదిరెను," అని తాతారావు గారు సంతకం పెట్టేరు. ఎస్సై గారు ఆమోదించేరు.

మర్నాడు షైనీ రిపోర్టు సంగతి అడిగింది.

"ఇబ్బందొచ్చిందండి," అన్నారు తాతారావు గారు. "స్టేషన్లో మీ పేరు మీద ఒక ఫైలుందండి. ఫైలున్నవాళ్ళకి ఏ కేసూ లేదని ఎలా రాస్తామండి?"

"అది నేనిచ్చిన ఫిర్యాదు!"

"ఆయ్. అందులో ఉన్నది మీ పేరేగా అండి. ఇప్పుడు పది వేలండి. ఐదు కాగితం మీదకి ఎక్కడానికి, ఐదు ఫైల్లోంచి దిగడానికి."

షైనీ నా షాపులోకొచ్చి బెంచీ మీద కూలబడింది. ముందు నవ్వింది. ఎంత నవ్విందంటే జిరాక్సుకొచ్చిన ఇద్దరు ముసలాళ్ళు కూడా ఎందుకో తెలీకుండానే నవ్వేరు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

"అక్కడ పేషెంట్ల వాళ్ళు చాక్లెట్ డబ్బా ఇచ్చినా రిజిస్టర్లో రాస్తాం బాబాయి గారూ. తొమ్మిదేళ్ళు రాసేను. మీరెందుకు అబద్ధం చెప్పేరు?"

"నా షాపు వాళ్ళ ఎదురుగా ఉందమ్మా."

తను కళ్ళు తుడుచుకుని, బెంచీ మీంచి లేచి వెళ్ళిపోయింది. ఏమన్నా అంటే బాగుండేది.

విమానానికి ఇంక నాలుగు రోజులే. మధ్యాహ్నం పది వేలు కవర్లో పెట్టి తాతారావు గారికి ఇచ్చింది. ఆ కవరు నా షాపులోదే. దానికి డబ్బులు తీసుకోలేదని ఇక్కడ వినయంగా మనవి చేసుకుంటున్నాను. గంటలో ఫిర్యాదు వాపసు, రిపోర్టు ఆన్‌లైన్లో క్లియర్. ఆ నెల సమీక్షలో మా స్టేషన్లో లంచం ఫిర్యాదులు సున్నా అని ఎస్సై గారికి ప్రశంసాపత్రం వచ్చింది. జిరాక్సులు నేనే తీసేను.

వెళ్ళే రోజు పొద్దున్న షైనీ టికెట్ ప్రింటుకి వస్తే, తాతారావు గారు రోడ్డు దాటి వచ్చేరు. యూనిఫాంలో లేరు. తెల్ల చొక్కాలో మనిషి చిన్నగా కనిపించేరు.

"మేడమ్ గారండీ, ఒక సాయమండి. మా అమ్మాయి చిన్ని కూడా నర్సింగు పాసైందండి. ఫారిన్ వెళ్దామని కాగితాలు పెడితే, ఒక ఆఫీసులో మూడు నెలల్నించి తొక్కిపెట్టేరండి. నలభై వేలంటండి! ఆడపిల్ల రోజూ ఏడుస్తుందండి. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందాండీ?"

ఈసారి కన్నీరు నిజంగానే పెట్టుకున్నారు. నేను ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

"పైవాళ్ళకి ఇంగ్లీషులో గట్టిగా ఒక కంప్లయింటు రాసిపెట్టండి. మీకు అలవాటే కదండీ."

షైనీ టికెట్ మడిచి బ్యాగులో పెట్టుకుంది. తర్వాత నా కౌంటరు మీద నుంచి తెల్లకాగితం లాక్కుంది. చిన్ని పేరు, చదువు, తేదీలు అన్నీ అడిగి పేజీన్నర రాసింది. చివర్న పెన్ను ఆపి అడిగింది.

"డబ్బడిగినాయన పేరు చెప్పండి."

తాతారావు గారు అటూ ఇటూ చూసేరు. నా మిషన్ని కూడా ఆపమని సైగ చేసేరు.

"పేరు మాత్రం వద్దండీ. పిల్లకి సొంత మేనమామండి."