నేవీకి ఒడిబియ్యం

ఆ పొద్దున సాయవ్వ వేసుకున్న పథకం చాలా చిన్నది. కిరాణం దుకాణం తెరవగానే పోయి ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, పసుపు కొమ్ములు, ఖర్జూరపండ్లు తేవాలి. బియ్యంలో పసుపు కలపాలి. మనవరాలు శ్రీవాణిని పీట మీద కూర్చోబెట్టి ఒడి నింపాలి. మధ్యాహ్నం కోరుట్ల బస్టాండులో వరంగల్ బస్సు ఎక్కించాలి. బస్సు మలుపు తిరిగేదాకా కండ్లు తుడుచుకోకుండా ఆ పిల్ల ముఖం చూడాలి. అంతే. ఇందులో లొల్లి కావడానికి ఏముందో ఎవరైనా చెప్పండి.

శ్రీవాణికి నేవీలో నౌకరి వచ్చింది. రాత్రికి వరంగల్‌లో రైలెక్కి ఒడిశాలోని చిల్కాకు ట్రైనింగుకు పోవాలి. ఒడిబియ్యం పెండ్లయిన ఆడబిడ్డకే పోస్తారని సాయవ్వకు తెలియక కాదు. ఆమె లెక్క ఆమెకుంది. పెనిమిటి ముత్యం దుబాయి పోయిన రోజు ఆమె చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కంపెనీకి పోయింది. తిరిగొచ్చేసరికి దండెం మీద తువ్వాల ఉంది గాని మనిషి లేడు. ఆ మనిషి మళ్ళీ రానేలేదు. అక్కడి మన్నులోనే కలిసిపోయాడు. కొడుకు సతీశ్ మస్కట్ పోయిన రోజు ఆమె వాకిట్లోనే ఉంది, కానీ ముఖానికి కొంగు కప్పుకుని ఏడుస్తూ ఉంది. కొంగు తీసేసరికి జీపు లేపిన దుమ్మే మిగిలింది. ఇప్పుడు వాడు రెండేండ్లకోసారి చుట్టంలా వచ్చి పోతాడు. మగవాళ్ళను ఉత్త చేతులతో పంపుతాం కాబట్టే వాళ్ళకు తోవ గుర్తుండదని సాయవ్వ తేల్చుకుంది. ఒడి నింపుకుని పోయిన ఆడబిడ్డ మాత్రం మళ్ళీ గడప తొక్కాల్సిందే. పెండ్లి అయితేనేం, కాకుంటేనేం?

దుకాణం నడిపే సుమలత సామాను కట్టిస్తూ అడిగింది. "ఒడిబియ్యం సామానేనాయె. ఎవలకు సాయవ్వా?"

"మా శ్రీవాణికి."

కుడుకలు తీస్తున్న సుమలత చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. "శ్రీవాణికా? గప్పుడే?"

"గప్పుడే ఏంది? ఇయ్యాలనే పోతంది."

"ఏడికి?"

"ఒడిశాకు. నేవీల గద."

సుమలత మనసులో పెండ్లి అయిపోయింది, పిల్లగాడికి ఒడిశాలో ఇల్లు కూడా లేచింది. "మంచిదే తియ్యి. కాలం మారింది. పిల్లలు సుఖంగ ఉంటె సాలు," అంది, పరామర్శకూ సంబురానికీ మధ్య గొంతు పెట్టి. చదువుకున్న పిల్లలా ఎంత తెలివిగా మాట్లాడిందో అనుకుంటూ సాయవ్వ ఇంటికొచ్చింది.

గ్యాస్ బండి ఏ వాడకు ఎప్పుడొస్తుందో కోరుట్లలో ఎవరినడిగినా తెలియదంటారు. జరగని పెండ్లి సంగతి మాత్రం పొయ్యి మీద పాలు పొంగేలోపు వాడవాడకూ తెలిసిపోయింది. సాయవ్వ బియ్యంలో పసుపు కలుపుతుంటే ఒకామె చక్కెర అడిగే వంకతో వచ్చి, చక్కెర మాట మర్చిపోయి కూర్చుంది.

"అయితె ఆయన తెలుగు మాట్లాడుతడా?"

ట్రైనింగిచ్చే ఆఫీసరు గురించి అడుగుతోందనుకుంది సాయవ్వ. "అంత హిందీలనేనట."

"మరి నువ్వెట్ల మాట్లాడుతవ్?"

"నాతోని ఆయనకేం పని?"

వచ్చినామె బుగ్గన చెయ్యి పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. మనవరాలి మొగుడితో ముసలమ్మకు అప్పుడే మాటల్లేవన్న కబురు ఆమెకంటే ముందే వాడ దాటింది.

సుమలత అక్కను సిరిసిల్లలో ఇచ్చారు. ఇచ్చిన ఆ ఇంటి పక్కిల్లే శ్రీవాణి మేనమామ రాజనర్సుది. చెల్లెలు రజని కూతురంటే అతనికి ప్రాణం. అలగడమంటే అంతకన్నా ప్రాణం. కబురు చెవిన పడగానే బట్ట నేసే సాంచెలు బంద్ పెట్టాడు, తుఫాన్ జీపు కిరాయికి మాట్లాడాడు, అందులో పట్టినంతమందిని ఎక్కించుకుని బయలుదేరాడు. కొట్లాటకే వస్తున్నా, ఉత్త చేతులతో పోతే ఇజ్జత్ పోతుందని చీర, సారె, వెండి మెట్టెలు వెంట తెచ్చాడు.

పీట వేసి ముగ్గు పెడుతుండగా బండి వాకిట్లో ఆగింది.

"అత్తా!" రాజనర్సు గొంతుకు కోళ్ళు చెదిరిపోయాయి. "నా చెల్లె బిడ్డ పెండ్లయితే నాకు దుకాణపామె అక్క చెప్పాల్నా? నేనేమన్న సచ్చిన్నా?"

"ఎవల పెండ్లి?" అంది సాయవ్వ ముగ్గు గిన్నెతో లేచి.

"మేనమామ లేంది పెండ్లెట్ల జేసిండ్రు? ఆ పిల్లగాడేడి? బయటికి పిలువు, చూస్త!"

"పిల్లగాడు లేడు!"

రాజనర్సు భార్య గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో! గప్పుడే ఇడిసిపెట్టిండా!" తుఫాన్‌లో వచ్చిన ఆడవాళ్ళిద్దరు అరుగు మీద కూలబడి శోకం అందుకున్నారు.

"ఇడుసుడేందే, మీ నోట్ల మన్నువడ! పిల్లను సర్కారు తీస్కపోతంది!"

"కేసు గూడ అయిందా?" అంటూ రాజనర్సు బియ్యం బస్తా మీద చతికిలబడ్డాడు.

వంటింట్లోంచి రజని, ఆమె వెనుక శ్రీవాణి బయటికి వచ్చారు. శ్రీవాణి ప్యాంటు చొక్కా వేసుకుని, జుట్టు మెడ దాకా కత్తిరించుకుని ఉంది. ఆ జుట్టు చూసి శోకం ఇంకో మెట్టెక్కింది.

"మామా! నౌకరికి పోతున్న. మొన్న ఫోన్ల చెప్పిన గద?"

"చెప్పినవ్ బిడ్డా. చెప్పలేదంటలేను. కని నౌకరికి ఎవలన్న ఒడిబియ్యం పోస్తరా? మా సిరిసిల్లల సూడలే, మీ కోరుట్లల సూడలే."

అందరి కండ్లూ సాయవ్వ మీదికి తిరిగాయి. "పెద్దామెకు జర మతి తప్పింది," అని ఎవరో మెల్లగా అన్నారు. మెల్లగా అన్నది వినడంలో సాయవ్వను మించినవాళ్ళు ఆ వాడలో లేరు.

"మతి తప్పింది నాకా? పెండ్లి లేకున్న పెండ్లి పెట్టిండ్రు, పిల్లగాడు లేకున్న ఇడిసిపెట్టిచ్చిండ్రు, పోలీసుకేసు గూడ జేసిండ్రు. మతి నాకు తప్పిందా?" ఆమె ముగ్గు గిన్నెను అరుగు మీద ఠపీమని పెట్టింది. "అత్తగారింటికి పొయ్యేదానికి పోస్తరు. తిరిగి రావాలెనని గదా? మరి గిది పోతలేదా? దీనికి రావాలెనని లేదా? మీ బావ సతీశ్ పోయిండు, నా మొగడు పోయిండు, ఎవల ఒడి ఎవలు నింపిండ్రు? ఎవలొచ్చిండ్రు?"

అరుగు మీద శోకం దానంతటదే ఆగిపోయింది. రాజనర్సు తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

అంతా సర్దుకునేదే. ఇంతలో రాజనర్సు భార్య, తెచ్చినవి వృథా పోకూడదని, మెట్టెలు తీసి శ్రీవాణి కాలు పట్టుకుంది. శ్రీవాణి ఎగిరి గోడకానుకుంది.

"అత్తమ్మా, వద్దు! పెండ్లయినోల్లను తీస్కోరు మా దాంట్ల! గీ ముచ్చట ఆడిదాక పోతే నా నౌకరి పోతది!"

తిరిగి రావాలని చేసిన పని, అసలు పోనివ్వకుండా చేస్తుందా అనుకుంది సాయవ్వ. ఆమె ఏమనేలోపే రాజనర్సు లేచి వీధిలోకి నడిచాడు. అప్పటిదాకా పెండ్లి పెండ్లి అని అరిచినవాడే, "మా పిల్లకు పెండ్లి కాలే! అయిందన్నోని కాళ్ళు ఇరగ్గొడ్త!" అని ఈ చివరి నుంచి ఆ చివరికి చాటాడు. అప్పటివరకు ఏమీ తెలియని నాలుగిళ్ళవాళ్ళు కూడా, ఏదో జరిగిందని తలుపులు తీశారు.

ఇక ఒడి నింపక తప్పదు. నింపితే మొదటి దోసిలి మేనమామదే అన్నాడు రాజనర్సు. అమ్మ ఉండగా మామ ఎట్లా పోస్తాడంది రజని. బియ్యం కలిపింది ఎవరని అడిగింది సాయవ్వ. చివరికి అందరూ పోశారు. ప్యాంటు మీద ఒడి ఎక్కడుంటుందని శ్రీవాణి నడుముకు రజని చీరొకటి చుట్టారు. చుట్టాలు పోశారు, వాడవాళ్ళు పోశారు, పెండ్లి చూడటానికి వచ్చి పెండ్లి లేదని తెలిసినవాళ్ళు కూడా వచ్చినందుకని పోశారు. చేతి మూటగా మొదలైన బియ్యం ఇద్దరు మోస్తేగాని లేవని మూట అయింది.

"బాపమ్మా, గిది లోపలికి రానియ్యరు," అంది శ్రీవాణి.

"ఎందుకు రానియ్యరు? దేశాన్ని కాసేటోల్లు బువ్వ తినరా?"

బస్టాండుకు చేరేసరికి వరంగల్ బస్సు వచ్చి ఉంది. రాజనర్సు తాను చేసిన లొల్లికి పరిహారంగా అన్ని పనులూ తనే నెత్తినేసుకున్నాడు. కిటికీ పక్క సీటు మీద తువ్వాల వేశాడు. కండక్టరును పక్కకు పిలిచి జాగ్రత్తలు చెప్పాడు. "పసుపు బియ్యం మూట పట్టుకొని కూసుంటది సూడు, మా మనిషి. నేవీకి పోతంది. కొత్తగ ఇల్లిడిసి పోవుడు, ఏడుస్తది. దిగుతనని గూడ అంటది. నువ్వయితె దించకు. వరంగల్ల దించు. ఇంకోటి, పెండ్లి కాలే."

"గదంత నాకెందుకన్నా," అన్నాడు కండక్టరు. అయినా మంచివాడు, అంతా గుర్తు పెట్టుకున్నాడు.

కింద శ్రీవాణి అందరి కాళ్ళకూ మొక్కుతోంది. తుఫాన్ నిండా వచ్చినవాళ్ళ కాళ్ళు మొక్కడం ఒక పట్టాన తేలేది కాదు. మూటను రాజనర్సు సీటు కింద అడ్డదిడ్డంగా తోశాడు. ఒడిబియ్యం కాళ్ళ కింద పెడతారా ఎవరైనా? సాయవ్వకు ఒళ్ళు మండింది. బస్సెక్కి, మూటను లాగి, సీట్లో కూర్చుని, కిందామీదా పడి ఒళ్ళోకి గుంజుకుని, ముడి గట్టిగా ఉందో లేదో చూస్తోంది.

కండక్టరు చూశాడు. పసుపు బియ్యం మూట ఉంది. పట్టుకుని కూర్చున్న మనిషి ఉంది. విజిల్ వేశాడు.

బస్సు కదిలింది. "ఓ అయ్యా! ఆపు! నేను దిగాలె!" అంటూ సాయవ్వ లేవబోయింది, మూట లేవనివ్వలేదు.

"గట్లనే అంటవని ముందే చెప్పిండ్రవ్వా. ఊకో. ఆధార్ కార్డు చూపియ్యి, ఆడోల్ల ఫిరీ టికెటిస్త."

"నేను పోతలేను! కార్డెందుకు?"

"పోతలేనంటవ్. బస్సయితే పోతనే ఉంది గద."

"పొయ్యేది నేను గాదు, నా మనుమరాలు! నేవీకి పొయ్యేది అది!"

ముందు సీటులోని రాయికల్ ఆయన వెనక్కి తిరిగి సాయవ్వను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. "నేవీకా? గీ వయసుల తీస్కుంటున్నరా?"

"ఏమోనే," అన్నాడు కండక్టరు. "స్కీములు మారుతున్నయ్."

"కొత్తల గట్లనే ఉంటది పెద్దమ్మా," అని పక్కనున్న పసుపు రైతు ఓదార్చాడు. "మా తమ్ముడు గల్ఫ్ పోయినప్పుడు గిట్లనే ఏడ్సిండు. అలవాటైతది."

నమ్మాల్సిన ముక్క ఒక్కటీ నమ్మరు, నమ్మకూడనిదంతా నమ్ముతారు! సాయవ్వ కండక్టరును తిట్టింది, డ్రైవరును తిట్టింది, మూటను తీరుగా పెట్టడం చేతగాని రాజనర్సును తిట్టింది. తిట్లయిపోయాక కిటికీలోంచి వెనక్కి చూసింది. బస్టాండు గేటు దగ్గర అందరూ కనిపిస్తున్నారు. రజని రెండు చేతులూ ఊపుతోంది. రాజనర్సు తలపాగా చేతబట్టి పరుగెత్తుతున్నాడు. మొక్కడానికి వంగి లేచిన శ్రీవాణి, నోరు తెరిచి, ఈవైపే చూస్తోంది. బస్సు మలుపు తిరిగింది. వాళ్ళు లేరు.

పోయేవాళ్ళకు ఇట్లా కనిపిస్తామా? ముత్యం కూడా ఇట్లాగే వెనక్కి తిరిగి చూసి ఉంటాడు. చూసినప్పుడు వాకిట్లో ఆమె లేదు. సతీశ్ చూసి ఉంటాడు; వాడికి కొంగు కనిపించి ఉంటుంది. పోయినవాళ్ళ మీద అన్నేండ్లుగా దాచుకున్న కోపం ఎటు పోయిందో, సాయవ్వకు ఏడుపొచ్చింది. మూట మీద తల పెట్టి కోరుట్ల దాటిన దగ్గర మొదలుపెట్టి జగిత్యాల దాకా ఏడ్చింది. పక్కాయన నీళ్ళ సీసా ఇచ్చాడు. కండక్టరు టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

జగిత్యాల బస్టాండులోకి బస్సు తిరగగానే తుఫాన్ దాని ముందుకొచ్చి అడ్డంగా ఆగింది. "ఆపున్రి! మా పిల్లకు పెండ్లి కాలే!" అని రాజనర్సు అలవాటుగా అరిచాడు. బస్టాండులో ఉన్నవాళ్ళంతా ఎవరో పిల్ల లేచిపోతోందని చుట్టూ మూగారు.

శ్రీవాణి బస్సెక్కింది. "బాపమ్మా, దిగు."

"మరి నేవీకి పొయ్యేదెవలు?" అన్నాడు కండక్టరు.

"నేను!"

"మూట ఈమె ఒళ్ళ ఉన్నది గద!"

ఎవరి సమాధానం ఎవరూ వినలేదు. రాయికల్ ఆయన, పసుపు రైతు చెరో పక్క పట్టుకుని సాయవ్వను దించారు. శ్రీవాణి మూటను పక్కన పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న పిల్ల, కింద నిలబడ్డ బాపమ్మను చూసి, ముఖం ముడుచుకుని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

"ఏడుస్తవేందే?" సాయవ్వ కసిరింది. "ఏడ్సుడంత నేనే ఏడ్సిన. నీకేం మిగిల్చిన్నని?"

నిజంగానే ఆమె కండ్లలో ఒక్క చుక్క మిగల్లేదు. కొంగు ముఖం దాకా పోలేదు. బస్సు కదిలింది, శ్రీవాణి ఏడుపులోనే నవ్వడం, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టడం, ఆ చెయ్యి చిన్నదవడం, కరీంనగర్ రోడ్డు మలుపులో ఆ పొట్టి జుట్టు ఒకసారి గాలికి లేవడం, అన్నీ చూసింది. చివరిదాకా చూసింది.

సాయవ్వ నేవీకి పోయి జగిత్యాల నుంచే వాపసొచ్చిందని కోరుట్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె మాత్రం ఇంతవరకు కాదనలేదు.