యజమాని తరఫున హాజరు

మంత్రిగారు ప్రెస్‌మీట్ పెట్టి, తమ కుక్కను సామాన్య పౌరుడి కుక్కలాగే ట్రైనింగ్ క్లాసులో చేర్పిస్తున్నట్టు ప్రకటించారు. "నా కుక్కకీ ప్రజల కుక్కకీ తేడా లేదు" అన్నారు. పీఏగా పక్కన నిలబడ్డ నాకు కళ్లు చెమర్చాయి. ఆ మాట అనాలంటే ఎంత పెద్ద మనసుండాలి!

అసలు సంగతి మీకు చెప్పడంలో తప్పులేదు. ఆ కుక్క ఇంట్లో అందరితోనూ బాగానే ఉంటుంది. మంత్రిగారు కనిపిస్తే మాత్రం ఇల్లెగిరిపోయేలా మొరుగుతుంది. నెలాఖరుకి పార్టీ అధినేత భోజనానికి వస్తున్నారు. ఆయనకి కుక్కలంటే ప్రాణం. సొంత కుక్క నమ్మని మనిషిని ఆయన నమ్మరు. కిందటేడు ఒక మంత్రిని చూసి అతని సొంత కుక్కే సోఫా కిందికి దూరినందుకు అతని పదవే ఊడింది. పాపం, మా మంత్రిగారికి కంటిమీద కునుకు లేదు.

సరైన క్లాసు వెతకడానికి కమిటీ వేశారు. అందులో నేను, మంత్రిగారి బావమరిది, జెండా. జెండా అంటే సభల్లో జెండా మోసే కార్యకర్త. అసలు పేరు అడిగే తీరిక పార్టీలో ఎవరికీ దొరకలేదు.

మొదటి క్లాసు పెద్ద హాలు. బూట్లేసుకున్న ట్రైనరు మైకులో అరుస్తుంటే, గోడవారన బోలెడు కుక్కలు నోరెత్తకుండా నిలబడ్డాయి.

"ఆహా, ఏం క్రమశిక్షణ! అచ్చం మన పార్టీ ఆఫీసే" అన్నాడు బావమరిది.

"తోకలన్నీ కాళ్ల మధ్య దాచుకున్నాయి కదండీ, భయమేమో" అన్నాడు జెండా.

"రెండూ ఒకటేలేవయ్యా."

మా కుక్క మాత్రం గుమ్మం దాటితే ఒట్టు.

రెండోదానికి అద్దాల తలుపులు, ఏసీ, ఈతకొలను ఉన్నాయి. "సర్టిఫికెట్ ముందే ఇచ్చేస్తామండి. ట్రైనింగ్ మీ వీలునిబట్టి" అన్నాడు మేనేజరు. మంత్రిగారికి తెగ నచ్చింది. వారి భార్యే అడ్డుపడ్డారు. "సర్టిఫికెట్ చూపిస్తే మొరగడం మానేస్తుందా ఏవిటి, మీ చోద్యం కాకపోతే!"

మూడోది స్కూటర్ల షెడ్డు వెనక ఒకావిడ నడిపే క్లాసు. కుక్కలు కొద్దే. దేనికి దానికి ఎడం ఉంది. మాట విన్నదానికి బిస్కెట్ ముక్క, విననిదానికి ఇంకో అవకాశం. మా కుక్క వెళ్లి హాయిగా పడుకుంది.

"ముందు కూర్చుని చూడండి, నచ్చితేనే చేర్పించండి. ఒక్కటే షరతు. యజమాని స్వయంగా రావాలి. కుక్క మాట వినాల్సింది నాది కాదు, ఆయనది" అందావిడ.

ఇంటికొచ్చి ఆ షరతు చెబితే మంత్రిగారు విస్తుపోయారు. "నేనా? అసెంబ్లీకే వెళ్లలేక చస్తున్నాను!" ఆలోచించి, తమ పాత చొక్కా తెప్పించి జెండాకి తొడిగించారు. "చొక్కా నాది, వాసన నాది. ఇంకేం కావాలి?"

మర్నాడు ఆ చొక్కాలో వచ్చిన జెండాని చూసి "చొక్కాతో పనవదండీ" అందావిడ.

"అమ్మా, ప్రారంభోత్సవాలకి కూడా మేమిలాగే పంపుతాం. ఎవరూ ఏమనలేదు" అన్నాను నేను.

జెండా రోజూ వెళ్లేవాడు. సాయంత్రం మంత్రిగారు నన్ను పిలిచి, "మనం ఎలా నేర్చుకుంటున్నాం?" అని అడిగేవారు.

"అద్భుతంగా నేర్చుకుంటున్నారు సార్" అనేవాణ్ణి.

భోజనాల రోజు రానే వచ్చింది. అధినేత మొదటి ముద్ద నోటిదాకా తెచ్చారు. అప్పుడే ఎదురు కుర్చీ లాక్కుంటున్న మంత్రిగారిని చూసి కుక్క మొరుగుడు లంకించుకుంది.

"కూర్చో!" అన్నారు మంత్రిగారు. అది ఇంకో నాలుగు ఎక్కువ మొరిగింది. "కూర్చోమంటుంటే!" అని బతిమాలారు. చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అధినేత ముద్ద కంచంలో పెట్టేశారు.

గుమ్మం దగ్గర్నుంచి జెండా మెల్లగా "కూర్చో" అన్నాడు. అది చటుక్కున కూర్చుంది.

"ఎవరతను?" అన్నారు అధినేత.

మంత్రిగారి ప్రాణం లేచొచ్చింది. "మా కార్యకర్తేనండి. నా తరఫున క్లాసుకెళ్లాడు. క్లాసనే ఏముంది, పెళ్లిళ్లకీ పరామర్శలకీ ప్రారంభోత్సవాలకీ అన్నిటికీ నా బదులు అతనేనండి!"

"మరి మీరెందుకు?" అన్నారు అధినేత. "నాలుగు కాళ్లదాని చేత మాట వినిపించినవాడు రెండు కాళ్లవాళ్ల చేత వినిపించలేడా?" అని చెయ్యి కడుక్కున్నారు.

సాయంత్రానికల్లా జెండా మంత్రి అయ్యాడు. అయ్యారు. అధినేతగారి దూరదృష్టికి నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. పీఏ ఉద్యోగం ప్రభుత్వానిది కనుక నేను ఎక్కడివాణ్ణి అక్కడే ఉన్నాను.

మర్నాడు కొత్త మంత్రిగారి తరఫున ఆవిడకి శాలువా కప్పిరావడానికి వెళ్లాను. షెడ్డు ముందు కార్లు రోడ్డు చివరిదాకా ఆగి ఉన్నాయి. లోపల మంత్రివర్గమంతా బుద్ధిగా బెంచీల మీద కూర్చుని ఉంది. మాజీగారు అందరికంటే ముందొచ్చి మొదటి బెంచీ పట్టారు. ఎవరూ మనిషిని పంపలేదు. అంతా స్వయంగా వచ్చారు. నాకు ఒళ్లు పులకరించింది.

ఆవిడ బిస్కెట్ల డబ్బా చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"కుక్కలేవండీ?"

అందరికంటే సీనియర్ మంత్రి లేచి చేతులు కట్టుకున్నారు.

"అవి తర్వాత చూసుకుందామమ్మా. ముందు మమ్మల్ని చేర్చుకోండి."